రక్త క్యాన్సర్ ముదిరినప్పుడు హాస్పిస్ మాట ఎప్పుడెత్తాలి?

రొమ్ము క్యాన్సరో ఊపిరితిత్తుల క్యాన్సరో ముదిరిన మనిషిని దగ్గరుండి చూసుకునేవాళ్లకు రోజులు ఎటు పోతున్నాయో కొంత అంచనా చిక్కుతుంది. నెలనెలా బరువు తగ్గుతుంది, మంచం మీద గడిపే గంటలు పెరుగుతాయి, గడ్డ ఎంత పెరిగిందో స్కానింగులో కనిపిస్తుంది. రక్త క్యాన్సర్‌లో దారి అంత తిన్నగా ఉండదు. మొన్న రెండు యూనిట్ల రక్తం ఎక్కించుకుని, నిన్న వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదివిన పెద్దాయన ఇవాళ రాత్రి చలిజ్వరంతో ఐసీయూలో చేరవచ్చు. ఎల్లుండికి ఉండకపోవచ్చు. అందుకే ఈ జబ్బులో హాస్పిస్ (చివరి రోజుల్లో బాధ తగ్గించే సేవ) మాట ఎప్పుడెత్తినా తొందరపడుతున్నట్టే అనిపిస్తుంది. అలా అనిపిస్తూ ఉండగానే ఆలస్యమైపోతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హాస్పిస్ గురించి మాట్లాడుకోవలసింది రక్తం, ప్లేట్‌లెట్లు ఇంకా పనిచేస్తున్నప్పుడే. ఆ మాటల్లో జబ్బు మనిషి కూడా ఉండాలి. ‘చికిత్సా? హాస్పిసా?’ అని రెంటిలో ఒకటి తేల్చమనడం మన ఆస్పత్రుల, బీమాల, ప్రభుత్వ విభాగాల సౌకర్యం కోసం పుట్టింది. జబ్బు స్వభావంలో అలాంటి గీత ఏదీ లేదు.

మనం బ్లడ్ క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలిచేది ఒక జబ్బు కాదు, పెద్ద గుంపు. లుకేమియా, లింఫోమా, మల్టిపుల్ మైలోమా అనేవి అందులో మూడు పెద్ద కుటుంబాలు. ఒక్కో కుటుంబంలో మళ్లీ ఎన్నో రకాలు. పరామర్శకు వచ్చిన బంధువు “మా వేలువిడిచిన మేనమామకూ ఇదే వచ్చింది, పదిహేనేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుని పొలం చేసుకుంటున్నాడు” అంటే అది అబద్ధమేం కాదు. ఆయనకున్నది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అయివుంటుంది. 2001లో ఇమాటినిబ్ వచ్చాక ఆ జబ్బు బతుకంతా మాత్రలతో నడిపించుకోదగినదిగా మారిపోయింది. అదే డెబ్బై దాటిన మనిషికి వచ్చిన అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, అంటే ఏఎంఎల్, వేరే కథ. పెద్ద కీమో తట్టుకోలేని వృద్ధుల మీద జరిగిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. అజాసిటిడిన్ ఇంజెక్షన్లు ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగం మంది 9.6 నెలలు దాటారు. దానికి వెనెటోక్లాక్స్ మాత్రలు కలిపినప్పుడు సగం మంది 14.7 నెలలు దాటారు. వైద్యుల లెక్కలో అది పెద్ద ముందడుగు. ఇంటివాళ్లు మాత్రం ‘మందు పనిచేస్తోంది’ అన్న మాటను ‘నయమైపోతుంది’ అని వింటారు. చెప్పినదానికీ విన్నదానికీ మధ్య ఉన్న ఆ దూరంలోనే చాలా కుటుంబాలు ఏడాది గడిపేస్తాయి.

ఈ జబ్బుల్లో హాస్పిస్ ఎందుకు ఆలస్యమవుతుందో అమెరికాలో బాగానే పరిశోధించారు. ఒక కారణం, ఎప్పుడూ ఇంకో మందు ఉండటం. మన దేశంలోనే చూడండి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ పరిశోధనలోంచి పుట్టిన కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. కొన్ని రకాల లింఫోమా, లుకేమియా తిరగబెట్టినవాళ్లకు అది నిజమైన ఆశే. పేపర్లో ఆ వార్త చదివిన కొడుకు దాన్ని మైలాయిడ్ లుకేమియా ఉన్న తండ్రికి కూడా ఇప్పించమని డాక్టరు చుట్టూ తిరుగుతాడు, ఆ జబ్బుకు అది వర్తించకపోయినా. ఇంకో కారణం డాక్టరుతో బంధం. రక్త వ్యాధులు చూసే హెమటాలజిస్టు తన పేషెంటును నెలకు నాలుగు సార్లు చూస్తూ వస్తాడు, ఇంటిమనిషిలా అయిపోతాడు. “ఇక చాలు” అనే మాట ఆయన నోటికీ రాదు. అన్నిటికన్నా బలమైన కారణం రక్తం. అమెరికాలో రక్త క్యాన్సర్ వైద్యుల మీద జరిపిన ఒక సర్వేలో హాస్పిస్ మేలు చేస్తుందని చాలామంది ఒప్పుకున్నారు. కానీ ఇంటి దగ్గర అందే హాస్పిస్ తమ పేషెంట్ల అవసరాలకు చాలదని దాదాపు సగం మంది అన్నారు. రక్తం ఎక్కించే వీలుంటే ఇంకా ఎక్కువమందిని పంపుతామన్నారు. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ లెక్కల ఆధారంగా 2018లో అచ్చయిన మరో అధ్యయనం దీన్ని రోజుల్లో చూపించింది. లుకేమియాతో హాస్పిస్‌లో చేరిన వృద్ధులలో రక్తం ఎక్కించుకోవడం మీద ఆధారపడనివారు అక్కడ గడిపిన మధ్యస్థ కాలం 11 రోజులు. రక్తం మీద ఆధారపడ్డవారికి దక్కింది 6 రోజులే.

ఆరు రోజుల్లో హాస్పిస్ ఏం చేయగలదు? నర్సుకు పేరు గుర్తయ్యేలోపే మనిషి వెళ్లిపోతాడు.

అసలు ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం ఇచ్చినది సిసిలీ సాండర్స్. నర్సుగా మొదలై, సోషల్ వర్కరుగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరీ చదివిన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి ఒంట్లోనే కాదు, మనసులోనూ సంసారంలోనూ డబ్బు బెంగలోనూ ఉంటుందని, మొత్తం నొప్పికి వైద్యం చేయాలని ఆమె వాదించింది. అమెరికా 1982లో దీన్ని మెడికేర్‌లోకి తెచ్చింది గానీ షరతులు పెట్టింది. ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని ఇద్దరు డాక్టర్లు రాసివ్వాలి. జబ్బును తగ్గించే చికిత్స మానుకోవాలి. హాస్పిస్ సంస్థకు మనిషికి రోజుకింత అని ఒక మొత్తం ముడుతుంది. వారానికి రెండు సార్లు రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆ డబ్బు చాలదు, కాబట్టి చాలా సంస్థలు రక్తం ఇవ్వవు. అంటే పేషెంటు ముందు పెట్టే ఎంపిక ఇది: ఊపిరాడనిచ్చే రక్తం కావాలా, నొప్పి చూసే నర్సు కావాలా? బ్రిటన్‌లో కొన్ని హాస్పిస్‌లు పగటిపూట వార్డులో రక్తం ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపుతాయి. వైద్యపరంగా రెండూ కలిసి నడవగలవని చెప్పడానికి అది చాలు. అమెరికాలో ఉన్న మన పిల్లలు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. గ్రీన్ కార్డు మీద తీసుకెళ్లిన తల్లిదండ్రులు, అరవై అయిదు నిండినా, వరుసగా అయిదేళ్లు అక్కడ నివసించే దాకా సాధారణంగా మెడికేర్‌కు అర్హులు కారు. జబ్బు బయటపడ్డాక అమ్మను అక్కడ ఉంచాలా, హైదరాబాదు తీసుకురావాలా అన్న నిర్ణయం చాలాసార్లు ఈ ఒక్క నిబంధన మీదే ఆగిపోతుంది.

పాలియేటివ్ కేర్ (నొప్పిని, బాధను తగ్గించే వైద్యం) అంటే చేతులెత్తేయడం అన్న భయం మన దగ్గర గట్టిగానే ఉంది. ఆధారాలు మాత్రం దానికి వ్యతిరేకంగా ఉన్నాయి. 2010లో బోస్టన్ వైద్యులు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు మొదటి నుంచే పాలియేటివ్ బృందాన్ని జత చేశారు. ఆ గుంపువారికి దిగులు తగ్గింది, చివర్లో దూకుడు చికిత్సలు తగ్గాయి, అయినా మధ్యస్థ ఆయుష్షు పెరిగింది: 8.9 నెలల చోట 11.6 నెలలు. ఆ ఆయుష్షు ఫలితాన్ని రక్త క్యాన్సర్‌కు ఉన్నదున్నట్టు అంటగట్టడం సరికాదు. కానీ తర్వాత ఏఎంఎల్ పేషెంట్ల మీద, మూలకణ మార్పిడి చేయించుకునేవారి మీద అదే నగరంలోని పరిశోధకులు చేసిన అధ్యయనాల్లో కూడా, పెద్ద కీమో నడుస్తున్నప్పుడే పాలియేటివ్ బృందం పక్కన ఉంటే ఆందోళన, కుంగుబాటు తగ్గాయని తేలింది. కాబట్టి ఈ బృందాన్ని పిలవడానికి కీమో ఆగే దాకా చూడనక్కరలేదు. హాస్పిస్ ఆ సేవలో చివరి మజిలీ మాత్రమే.

ఇక రక్తం సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే మన ఇళ్లలో ఈ జబ్బు నడిపించే రోజువారీ బతుకంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. పది వేల లోపుకు పడితే రక్తస్రావం జరగకుండా ముందుజాగ్రత్తగా ఎక్కిస్తారు. దానం చేసిన ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవుండవు. ఎక్కించినవి కూడా రెండు మూడు రోజుల్లో అయిపోతాయి. కనుక కుటుంబం ఎప్పుడూ దాతల వేటలోనే ఉంటుంది. ఫోన్లలో రెడ్ క్రాస్, చిరంజీవి బ్లడ్ బ్యాంక్, ఎన్టీఆర్ ట్రస్ట్ నంబర్లు. కాలేజీ గ్రూపుల్లో ‘అర్జెంట్’ అంటూ మెసేజీలు. “డోనర్లను తెచ్చుకోండి” అని ఆస్పత్రి కౌంటరు. జబ్బు ముదిరేకొద్దీ ఈ శ్రమకు ఫలం తగ్గుతుంది. పదేపదే ఎక్కించడంతో ఒంట్లో యాంటీబాడీలు తయారై, ఎక్కించిన ప్లేట్‌లెట్లను వెంటనే నాశనం చేస్తాయి. సాయంత్రం ఎక్కిస్తే తెల్లారేసరికి లెక్క మళ్లీ ఎనిమిది వేలు. ఆ మధ్యలో మూడు గంటల కారు ప్రయాణం, సూది దొరకని చేతులు, ఒక రాత్రి జ్వరం.

ఈ దశలో అనుభవమున్న వైద్యులు అనుసరించే పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. లెక్కను చూసి కాదు, మనిషిని చూసి రక్తం ఎక్కిస్తారు. ఆయాసం తగ్గుతోందా, నాలుగడుగులు వేయగలుగుతున్నాడా, మనవరాలి పుట్టినరోజుకు లేచి కూర్చోగలుగుతాడా అని చూస్తారు. ఎర్ర రక్తకణాలు ఎక్కించాక ఒకటి రెండు సార్లు వరసగా ఏ మేలూ కనిపించకపోతే ఇక ఆపడం గురించి మాట్లాడతారు. రోజువారీ సీబీసీ పరీక్షలు అంతకన్నా ముందే మానేస్తారు. ఎందుకంటే అంకె కనిపిస్తే ఇంటిల్లిపాదీ దాని వెంటే పరుగెత్తుతారు. రక్తం ఆపడం అంటే చంపడం కాదని కుటుంబానికి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. ఇది వైద్యులు చెప్పవలసిన మాట. కొడుకునో కోడలినో “మీ ఇష్టం, మీరే చెప్పండి” అని నిలబెట్టడం న్యాయం కాదు.

మన దేశంలో ఈ సేవకు చరిత్ర ఉంది. 1986లో ముంబై బాంద్రాలో శాంతి అవేదన హాస్పిస్ మొదలైంది. 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెట్టిన పాలియేటివ్ కేర్ సొసైటీ కేరళ మొత్తానికి బడి అయింది. వాలంటీర్లు, పంచాయతీలు, ఇంటికి వెళ్లే నర్సులు కలిసి పనిచేసే ఆ పద్ధతిని అక్కడి ప్రభుత్వం 2008లో విధానంగా చేసుకుంది. ఢిల్లీలో ఇళ్లకే వెళ్లి సేవ చేసే కాన్‌సపోర్ట్‌ను 1996లో స్థాపించిన హర్మాలా గుప్తా స్వయంగా లింఫోమా నుంచి బయటపడిన మనిషి. ఇంతమంది ఉన్నా దేశం ఎందుకు వెనకబడింది అంటే సగం జవాబు మార్ఫిన్ దగ్గర ఉంది. లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆస్పత్రులను ఎంత భయపెట్టిందంటే, క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ పదేళ్లలో దాదాపు కనుమరుగైంది. 2014 సవరణ అనుమతులను సులభం చేసింది. చట్టంలో పోయిన భయం మెడికల్ షాపుల్లోనూ మనసుల్లోనూ ఇంకా పోలేదు.

తెలుగు నేల మీద ఈ సేవకు మొదటి గట్టి పునాది హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ విభాగం. డాక్టర్ గాయత్రి పాలట్ అక్కడ మొదలుపెట్టిన పని జిల్లాల దాకా పాకింది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో సొంత భవనంలో ఉంది. అక్కడ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. తెలంగాణ ప్రభుత్వం జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచి, ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలు నడుపుతోంది. కాగితం మీద చూస్తే కేరళ తర్వాత చెప్పుకోదగ్గ ఏర్పాటే. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ శివారు అగనంపూడిలో టాటా సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వచ్చాక ఉత్తరాంధ్ర వాళ్లకు ప్రయాణాలు తగ్గాయి. అయితే చివరి దశ సేవ ఇప్పటికీ ఊరిని బట్టి, ఆ ఊళ్లో ఉన్న మనుషుల ఓపికను బట్టి నడుస్తోంది. రాయలసీమ నుంచి వెల్లూరుకో బెంగళూరుకో వెళ్లి వైద్యం చేయించుకున్న పేషెంటుకు సొంతూళ్లో మార్ఫిన్ రాసే డాక్టరు ఎవరో ఆ ఆస్పత్రి చెప్పి పంపడం అరుదు.

చెప్పి పంపడం సంగతి ఎత్తాను కాబట్టి మన దగ్గర ఎక్కువగా జరిగేదేమిటో చెప్పాలి. ఐసీయూ బిల్లు భరించలేనిదయ్యాక “తీసుకెళ్లిపోండి” అంటారు. డాక్టర్ల మాట కాదని సొంత పూచీ మీద తీసుకెళ్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. నిజానికి డాక్టర్లే వెళ్లమన్నారు, కాగితం మాత్రం కుటుంబం మీద రాశారు. ఆ కాగితంతో ఇల్లు చేరిన మనిషికి మార్ఫిన్ ఉండదు, ఫోన్ చేస్తే పలికే నర్సు ఉండదు, రాత్రి ముక్కులోంచి రక్తం కారితే ఏం చేయాలో తెలిసినవాళ్లు ఉండరు. హాస్పిస్‌కు ఎదురుగా ఉన్నది ఐసీయూ అని మనం అనుకుంటాం. చాలా తెలుగు కుటుంబాలకు దక్కుతున్నది మాత్రం ఏ సాయమూ లేని ఈ ఇంటిదారే.

ఇంట్లోనే కన్నుమూయాలని కోరుకునే పెద్దవాళ్లు ఎక్కువ. ఆ కోరిక తీరడానికి ఇల్లు మనదై ఉండాలి. నగరాల్లో అద్దె ఇళ్ల యజమానులు చాలామంది ఇంట్లో చావు జరగనివ్వరు, ఆస్పత్రి నుంచి శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలన్న నమ్మకం అపార్టుమెంట్లలోనూ ఉంది. “ఖాళీ చేసి వెళ్లండి” అని చెప్పడానికి మొహమాటపడేవాళ్లు కూడా మాటల్లో సూచిస్తారు. ఈ భయంతోనే హాస్పిస్ వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలున్నాయి. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ ఉండదు. హాస్పిస్‌లో అయినా తులసి తీర్థం పోయవచ్చు, యాసీన్ చదువుకోవచ్చు, పాస్టరు వచ్చి ప్రార్థన చేయవచ్చు. ఐసీయూ అద్దం బయట నిలబడి అవేవీ చేయలేం.

ఇంట్లోనే చూసుకోవాలనుకునేవాళ్లు రక్త క్యాన్సర్‌కు ప్రత్యేకమైన కొన్ని జాగ్రత్తలు తెలుసుకోవాలి. ఒళ్లునొప్పులంటే వీధి చివర మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి ప్రమాదం. కడుపులో రక్తం కారుతుంది. అలాగే, నమ్మకంగా పిలిచే ఆర్‌ఎంపీ పిరుదుకు వేసే సూదిమందు. లోపల రక్తం గడ్డకట్టి ఆ కాలు కదపలేని నొప్పి వస్తుంది. జ్వరం వస్తే ఏం చేయాలో జ్వరం రాకముందే తేల్చుకోవాలి: ఆస్పత్రికి పరుగెత్తడమా, ఇంట్లోనే మాత్రలతో చూడటమా? అర్ధరాత్రి ఆ చర్చ మొదలైతే అంబులెన్సే గెలుస్తుంది. పెద్దగా రక్తస్రావం జరిగే అవకాశం ఉందని డాక్టరు చెబితే ముదురు రంగు తువాళ్లు, దుప్పట్లు దగ్గర పెట్టుకోమంటారు. తెల్ల బట్ట మీద రక్తం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి పేషెంటునూ చూసేవాళ్లనూ హడలగొడుతుంది. అలాంటప్పుడు మత్తులో ఉంచి భయం తెలియనీయని మందు కూడా ముందే రాయించుకోవచ్చు. మైలోమా ఎముకల్ని గుల్ల చేస్తుంది కాబట్టి ఆ నొప్పికి ఒక్క విడత రేడియేషన్ కూడా చాలా ఉపశమనం ఇవ్వగలదు. కిడ్నీలు దెబ్బతిన్న మైలోమా పేషెంటుకు మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది, వేరే మందు ఎంచాలి. మిగతావాళ్లకు సరైన మోతాదులో మార్ఫిన్ సాధారణంగా అలవాటు చేయదు, ప్రాణం తీయదు. మలబద్ధకం మాత్రం దాదాపు ఖాయం. దానికి మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి.

తిండి గురించి విడిగా చెప్పాలి. “ఏమీ తినట్లేదు, కనీసం సలైన్ అయినా పెట్టండి” అన్న మాట వినని డాక్టరు మన రాష్ట్రాల్లో ఉండడు. ప్రేమను అన్నంతో కొలిచే జనం మనం. చివరి వారాల్లో ఒళ్లు తిండిని వాడుకోవడం మానేస్తుంది. ఆకలి లేకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోతున్నాడు కాబట్టి ఆకలి లేదు. ఆ సమయంలో ఎక్కించే సలైన్ కాళ్ల వాపుగా, ఊపిరితిత్తుల్లో చెమ్మగా తేలుతుంది. గొంతులో గురగుర పెంచుతుంది. పెదాలు తడపడం, నోరు శుభ్రంగా ఉంచడం, అడిగితే ఒక చెంచాడు మజ్జిగో ఐస్‌క్రీమో ఇవ్వడం, అంతే చాలు. గురగుర వినిపించినా పేషెంటు బాధపడుతున్నట్టు కాదు. పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు తగ్గుతుంది.

ఇదంతా ఒక ఎత్తు. అసలు మనిషికి చెప్పడం ఇంకో ఎత్తు. మన ఇళ్లలో క్యాన్సర్ రిపోర్టు ముందు కొడుకు చేతికి వస్తుంది. “నాన్నకు చెప్పొద్దు, తట్టుకోలేడు” అని గుమ్మం బయటే ఒప్పందం జరుగుతుంది. డాక్టరు కూడా ఆ ఒప్పందంలో చేరతాడు. అప్పటినుంచి ఇల్లంతా నాటకం. నాన్నకు మాత్రం ఏం తెలియదా? ఒంట్లోంచి ఎముక మజ్జ తీసినప్పుడే తెలుస్తుంది. వార్డులో పక్క మంచం ఖాళీ అయినప్పుడు తెలుస్తుంది. పిల్లలు బాధపడతారని ఆయన అడగడు, ఆయన బాధపడతాడని పిల్లలు చెప్పరు. చివరికి పొలం పాసుపుస్తకం, బ్యాంకు నామినీ, చిన్నకూతురితో ఆగిపోయిన మాటలు అన్నీ అలాగే ఉండిపోతాయి. చెప్పి తీరాలని నేను అనను. తెలుసుకోవడం ఇష్టంలేని మనిషికి బలవంతంగా చెప్పడం కూడా హింసే. అడగాలి అంటున్నాను. “నాన్నా, డాక్టరు చెప్పేవన్నీ నీకూ చెప్పమంటావా, మమ్మల్నే చూసుకోమంటావా?” అని ఒక్కసారి అడగడానికి పెద్ద ధైర్యమేం అక్కరలేదు. చెప్పమన్నాడా, ఆ తర్వాతి ప్రశ్న ఇంకొకటి: “ఇంట్లో ఉండాలనుందా, ఆస్పత్రిలోనా?” దీనికి ఆయన ఇచ్చే జవాబు తర్వాత అన్నదమ్ముల మధ్య రాబోయే సగం గొడవల్ని ఆపుతుంది.

ఆ గొడవల్లో ఒక పాత్ర తప్పనిసరిగా విదేశాల్లో ఉంటుంది. ఇన్నాళ్లూ రక్తం కోసం పరుగెత్తిన అక్క అలసిపోయి “ఇక చాలు” అంటుంది. డాలస్ నుంచి దిగిన తమ్ముడు “ఇంకో ఆస్పత్రికి మారుద్దాం, ఖర్చు నేను పెడతాను” అంటాడు. ఇద్దరిదీ ప్రేమే. కానీ దగ్గరుండి చూసినవాళ్ల మాటకు ఎక్కువ బరువు ఉండాలని నా తీర్పు. దూరాన ఉన్నవాళ్లు చేయగలిగిన మంచిపని డబ్బు పంపడం కన్నా ముందుగా రావడం. చివరి చూపు కోసం ఫ్రీజర్ పెట్టెలో మూడు రోజులు ఉంచుకోవడం కన్నా మనిషి మాట్లాడగలిగినప్పుడు పది రోజులు వచ్చి కూర్చోవడం మేలు.

చట్టం ఈ విషయంలో జనం అనుకునేంత అడ్డేం కాదు. 2018 మార్చి 9న సుప్రీం కోర్టు, గౌరవంగా మరణించే హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పి, లివింగ్ విల్‌కు గుర్తింపునిచ్చింది. మొదట పెట్టిన మేజిస్ట్రేట్ సంతకం నిబంధన ఆచరణలో పనికిరాలేదు. 2023 జనవరిలో కోర్టే దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధృవీకరించుకుంటే చాలు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లూ అందులో రాయవచ్చు. వెంటిలేటరు తీసేయాలంటే మాత్రం ఆస్పత్రి రెండు వైద్య బోర్డుల అభిప్రాయం తీసుకోవాలి. ఇక స్పృహలో ఉన్న మనిషి “నాకు ఇంక రక్తం వద్దు, ఐసీయూ వద్దు” అనడానికి ఏ బోర్డూ అక్కరలేదు. రక్త క్యాన్సర్‌లో చాలామంది చివరిదాకా తెలివిగానే ఉంటారు. ఆ మాట ఫైల్లో రాయించడం మరవకూడదు. ఇంట్లో మరణం జరిగితే పోలీసులు వస్తారన్న భయమూ వద్దు. జబ్బు తెలిసిన మరణమే కనుక వైద్యం చేసిన డాక్టరు కారణం రాసిస్తాడు. 21 రోజుల్లోపు నమోదు చేయించాలి.

డబ్బు గురించి ఒక్క మాట. ఆరోగ్యశ్రీ, ముఖ్యమంత్రి సహాయ నిధి ఎల్‌ఓసీలు కీమో ఖర్చు కొంత మోస్తాయి. కారు కిరాయిలు, ఊరుకాని ఊళ్లో గది అద్దె, తోడుగా వచ్చినవాళ్ల పోయిన కూలి ఎవరూ మోయరు. ఎకరం అమ్మి చివరి నెల ఐసీయూకు కట్టిన కుటుంబాలు ప్రతి మండలంలో ఉన్నాయి. ‘డబ్బు చూసుకుని ఆపేశారు’ అనే నింద భయంతోనే సగం మంది అమ్ముతారు. అలా నిందించే బంధువు ఒక్క రాత్రి కూడా వార్డులో పడుకుని ఉండడు.

ప్రభుత్వాలు చేయవలసిన పని పెద్దదేం కాదు. చాలా జిల్లా ఆస్పత్రుల్లో బ్లడ్ బ్యాంకూ పాలియేటివ్ వార్డూ ఒకే ఆవరణలో ఉన్నాయి. వారానికి ఒక రోజు ఆ వార్డులోనే రక్తం ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపేలా ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చే పేషెంటు ఒక యూనిట్ రక్తం కోసం మహానగరం దాకా రానక్కరలేదు, నొప్పి చూసే నర్సును వదులుకోనూ అక్కరలేదు. ఉత్తర్వు వచ్చేలోగా పిల్లలు చేయగలిగింది ఒకటుంది. ఈసారి అమ్మనో నాన్ననో రక్తం కోసం తీసుకెళ్లినప్పుడు, హెమటాలజిస్టును నేరుగా అడగండి: “ఈ మందు పనిచేయడం మానేస్తే మా ఊళ్లో మార్ఫిన్ రాసేదెవరు? రాత్రిపూట మేము ఫోన్ చేయవలసింది ఎవరికి?” ఆ రెండు పేర్లు చేతికి వచ్చేదాకా ఆ గదిలోంచి లేవకండి.